టు ద బోన్: ఒక పర్లాకిమిడి ఆర్కెస్ట్రావాడి చెవితో

ఇంగ్లండ్ ప్రోగ్రెసివ్ రాక్ గాయకుడు స్టీవెన్ విల్సన్ పాప్ పాటలు కట్టాడని ఆయన అభిమానులే అలిగారు. ఆ పాటలున్న ఆల్బమ్ ‘టు ద బోన్’ 2017 ఆగస్టు 18న వచ్చింది. ఆ అలక ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. నాకూ ఈ ఆల్బమ్ మీద ఒక ఫిర్యాదుంది, కానీ అది వాళ్ల ఫిర్యాదు కాదు. పాప్ ఎక్కువైందని వాళ్ల బాధ. చాల్లేదని నాది.

ఈ మాట ఎవడంటున్నాడో తెలియాలి కదా. మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అక్కణ్ణుంచి ఆంధ్ర. నేను ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. తెలుగు ఊళ్లలో మమ్మల్ని ఆర్కెస్ట్రా అంటారు, ఒడియా ఊళ్లకెళ్తే మెలోడీ అంటారు, వాయించేది ఒకటే. పెళ్లి రిసెప్షన్లు, అమ్మవారి యాత్రలు, వినాయక చవితి పందిళ్లు. ఒక తెలుగు పాట, ఒక ఒడియా పాట, ఒక హిందీ పాట, మధ్యలో ఊరి పెద్దమనిషికి మైకు. ఏ పాటకి జనం లేస్తారో, ఏ పాటకి భోజనాల వైపు నడుస్తారో స్టేజీ మీంచి చూస్తే దాచినా దాగదు. పాప్ పాటకి నాకు తెలిసిన పరీక్ష అదే.

ప్రోగ్రెసివ్ రాక్ పిచ్చి మాత్రం చదువుకునే రోజుల్లో, విశాఖ హాస్టల్లో పట్టుకుంది. ఒక సీనియర్ హార్డ్ డిస్క్ నిండా పోర్కుపైన్ ట్రీ పాటలే. విల్సన్ 1987లో మొదలుపెట్టిన జట్టు అది. మొదట్లో జట్టు కూడా కాదు, ఒక్కడే ఇంట్లో కూర్చుని రికార్డు చేసుకున్న సరదా. తర్వాత నిజంగానే నలుగురూ చేరారు. 2007లో వచ్చిన ‘ఫియర్ ఆఫ్ ఎ బ్లాంక్ ప్లానెట్’లో ‘అనస్థటైజ్’ అనే పాట ఒక్కటే పదిహేడు నిమిషాల పైన ఉంటుంది. మా రిసెప్షన్లలో అంతసేపట్లో నాలుగు పాటలయిపోయి, వధూవరులతో అత్తింటివాళ్ల ఫోటోలు కూడా అయిపోతాయి. 2009 డిసెంబరులో ఆ జట్టు బొంబాయి ఐఐటీ వాళ్ల మూడ్ ఇండిగో ఉత్సవంలో వాయించింది. వెళ్లడానికి నా దగ్గర డబ్బు లేదు, అది వేరే కథ.

ఈ సంగీతం తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ప్రోగ్రెసివ్ రాక్ అంటే పాట పొడుగ్గా ఉండటం ఒక్కటే కాదు. తాళం లెక్క మారుతూ ఉంటుంది, పల్లవి మళ్లీ వస్తుందన్న భరోసా ఉండదు, ఒక కథని ఆల్బమ్ అంతా లాగుతారు. పోర్కుపైన్ ట్రీ 2002లో చేసిన ‘ద సౌండ్ ఆఫ్ మ్యూజాక్’ వినండి. చరణం ఏడు లెక్కలో నడుస్తుంది. అక్కడి డ్రమ్మర్లు దాన్ని పెద్ద విద్యలా చెప్పుకుంటారు. మనకేమో మిశ్రచాపు. తకిట తకధిమి అని తొడ మీద వేసుకుంటూ మా మేనత్తే పాడేస్తుంది. అయితే ఆ పాటలో నాకు నచ్చింది ఏడు లెక్క కాదు. పల్లవి రాగానే పాట నాలుగులోకి దిగిపోతుంది. జనం ఎక్కడ పాడుకోవాలో అక్కడ దారి నున్నగా చేసిపెట్టాడు. అంటే ఈ మనిషికి పాప్ మర్మం 2002 నాటికే తెలుసు. ‘బ్లాక్‌ఫీల్డ్’ అని ఇజ్రాయెల్ గాయకుడు అవీవ్ గెఫెన్‌తో కలిసి పెట్టిన ఇంకో జట్టులో పొట్టి పాటలే కట్టాడు కూడా. చిన్నప్పుడు ఇంట్లో వాళ్ల నాన్న పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ జట్టుని వినేవాడట, వాళ్లమ్మ డిస్కో గాయని డోనా సమ్మర్‌ని వినేదట. ఆ రెండూ తన చెవుల్లో ఉండిపోయాయని విల్సన్ చాలాసార్లు చెప్పాడు. నాన్న పాటలతో పాతికేళ్లు సంసారం చేశాడు. ‘టు ద బోన్’ వచ్చేసరికి అమ్మ వైపు తిరిగాడు.

తిరిగాడు అన్నాను గానీ, సగమే తిరిగాడు. నా గొడవంతా ఆ సగం గురించే.

తన పేరు మీద విడుదల చేసిన ఆల్బముల్లో ఇది ఐదోది. దీనికి ముందు 2015లో ‘హ్యాండ్. కెనాట్. ఇరేజ్.’ చేశాడు. లండన్‌లో ఒక ఫ్లాట్‌లో ఒంటరిగా చనిపోయి, రెండేళ్లు దాటాక గానీ ఎవరి కంటా పడని జాయిస్ విన్సెంట్ అనే స్త్రీ కథలోంచి పుట్టిన ఆల్బమ్ అది. అంత బరువు మోసిన చేత్తో, ఈసారి చిన్నప్పుడు విన్న తెలివైన పాప్ రికార్డుల దారిలో నడుస్తానన్నాడు. పీటర్ గాబ్రియేల్ ‘సో’, కేట్ బుష్ ‘హౌండ్స్ ఆఫ్ లవ్’, టాక్ టాక్ ‘ద కలర్ ఆఫ్ స్ప్రింగ్’, టియర్స్ ఫర్ ఫియర్స్ ‘ద సీడ్స్ ఆఫ్ లవ్’. ఇవన్నీ 1985, 1989 మధ్య వచ్చినవే. పాల్ స్టేసీని తోడు ప్రొడ్యూసర్‌గా పెట్టుకున్నాడు. గిటార్లు చాలావరకు తనే వాయించుకున్నాడు. పదకొండు పాటలు, దాదాపు గంట. ఇంగ్లండ్ చార్టుల్లో మూడో స్థానం దాకా వెళ్లింది. అప్పటికి ఆయనకి అదే అన్నిటికన్నా పైమెట్టు.

ఆ జాబితాలో గాబ్రియేల్ పేరు ఉండటం ఊరికే కాదు. ఆయనా ప్రోగ్‌లోంచి, అంటే ప్రోగ్రెసివ్ రాక్‌లోంచి వచ్చినవాడే. 1975లో తన జట్టు జెనెసిస్‌ని వదిలేశాడు. 1986లో ‘స్లెడ్జ్‌హామర్’తో అమెరికాలో మొదటి స్థానానికి చేరాడు. అప్పుడు ఆ స్థానంలోంచి కిందికి దిగింది జెనెసిస్ వాళ్ల ‘ఇన్విజిబుల్ టచ్’. తను వదిలొచ్చిన ఇంటివాళ్లనే కుర్చీలోంచి లేపాడన్నమాట. ‘స్లెడ్జ్‌హామర్’ని ఒక్కసారి కీబోర్డు మీద వాయించి చూడండి. కష్టమైన మెట్టు ఒక్కటీ లేదు. మెంఫిస్ నుంచి పాత సోల్ పాటలు వాయించిన ట్రంపెట్ మనిషిని పిలిపించాడు, బేస్‌ని టోనీ లెవిన్ చేతికిచ్చాడు, ఇక వెనక్కి చూళ్లేదు. ‘నాకు ఇంకా పెద్ద విద్యలు వచ్చు సుమా’ అని ఆ పాటలో ఎక్కడా గుర్తుచెయ్యడు. విల్సన్ చెయ్యలేకపోయింది అదే. ఒకే ఒక్క పాటలో తప్ప.

ఆ ఒక్క పాట ‘పర్మనేటింగ్’. మూడున్నర నిమిషాలు. పియానో మీద నాలుగు లెక్క దంచుతూ మొదలవుతుంది, ఆబ్బా, ఇ.ఎల్.ఓ. అనే పాత పాప్ జట్ల పాటల సంతోషం అంతా అందులో ఉంటుంది. నిమిషం తిరక్కముందే పల్లవి వచ్చేస్తుంది, వచ్చి పోకుండా తిష్ఠ వేస్తుంది. గిటార్ సోలో లేదు. లెక్క మారదు. కథ లేదు. విల్సన్ అభిమానుల్లో నల్ల టీషర్టు బాపతు జనం దీన్ని విని మొహం తిప్పుకున్నారు. ఆయన కచేరీల్లో ఈ పాట ముందు మైకు పట్టుకుని, పాప్‌ని తక్కువ చెయ్యకండి, కావాలంటే డాన్సు చెయ్యండి అని చిన్న ఉపన్యాసం ఇచ్చేవాడు. 2018 మార్చిలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఇంకో అడుగు ముందుకేసి, ఈ పాటకి బాలీవుడ్ డాన్సర్లని స్టేజీ మీదకి తెచ్చాడు. ‘హోమ్ ఇన్వేజన్’ అనే కచేరీ వీడియోలో చూడొచ్చు. గంభీరంగా గడ్డం నిమురుకునే ఆ జనం మధ్యకి మెరుపు బట్టల్లో అమ్మాయిలు దూసుకొచ్చి చిందులేస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. మన దగ్గర డాన్సర్లు లేకుండా ఆర్కెస్ట్రా ఎవడు పిలుస్తాడు? రాయల్ ఆల్బర్ట్ హాల్లో వింతగా కనబడిన పని, మా గుణుపురం పందిట్లో అడ్వాన్సు ఇచ్చే ముందే మాట్లాడుకునే పని.

గుణుపురం అన్నాను కాబట్టి అక్కడ జరిగింది చెప్పాలి. కిందటి పెళ్లిళ్ల సీజన్లో ఒక రిసెప్షన్. మగపెళ్లివారి బండి ఆలస్యమైంది, గాయనీ గాయకులు ఇంకా టీ తాగుతున్నారు. అలాంటప్పుడు ఫోన్‌ని మిక్సర్‌కి తగిలించి ఏదో ఒకటి వదులుతాం. నేను ‘పర్మనేటింగ్’ వదిలాను. మా సౌండ్ బాక్సుల మీద ఆ పియానో బలే మోగింది. ముందు వరసల్లో ఎవరూ లేరు. పిల్లలు మాత్రం ఐదారుగురు స్టేజీ కింద గెంతడం మొదలెట్టారు. మా ఆక్టోప్యాడ్ కుర్రాడు ఒడియా అబ్బాయి. ఇంగ్లీషు పాటలు పెద్దగా వినడు. రెండో పల్లవికల్లా ప్యాడ్ మీద కలిపి వాయించేస్తున్నాడు. “భాయినా, దీని మైనస్ ట్రాక్ దొరుకుతుందా?” అని అడిగాడు, అంటే గొంతు లేకుండా వట్టి వాయిద్యాలది. మంచినీళ్ల డ్రమ్ము దగ్గర నిల్చున్న ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, “ఇది ఏ సినిమాలోది బావూ?” అన్నాడు. స్టీవెన్ విల్సన్‌కి ఇంతకన్నా గొప్ప సమీక్ష ఎవడూ రాసి ఉండడు.

ఆ తర్వాత పాట ఆపడం నాకు కుదర్లేదు, ఆల్బమ్ వరసలో ముందుకు సాగింది. ‘పర్మనేటింగ్’ వెనకాలే ‘బ్లాంక్ టేప్స్’. రెండు నిమిషాల పాట, గిటారూ పియానో, విడిపోయిన ఇద్దరి మాటలు, లోగొంతుతో. క్యాటరింగ్ ఆయన తొంగి చూసి “ఏటి, కరెంటు పోయిందా?” అన్నాడు. పాట మంచిదే. దాని చోటు మాత్రం అది కాదు. అంత ఆనందాన్ని లేపి, మరుక్షణమే గొంతు తగ్గించి మూలకి లాక్కుపోవడం ఈ ఆల్బమ్ నిండా జరుగుతుంది. తను చేసిన సరదా పనికి తనే సిగ్గుపడినట్టుంటుంది నాకు.

‘పర్మనేటింగ్’లో కూడా ఒక ఇబ్బంది ఉంది. పల్లవి అంతా దొంగగొంతులో పైస్థాయికి పోతుంది. విల్సన్ గొంతు సన్నం. పైకి పోయినప్పుడు అందంగా ఉంటుంది కానీ వెనకాల జనం పాడలేరు. మా దగ్గర పాడే అమ్మాయి సరదాగా ఎత్తుకుని చూసింది, శ్రుతి దించమంది. మేము ఏ ఊళ్లో వాయించినా తప్పకుండా అడిగే పాట ‘రంగబతి’. సంబల్‌పురి పాట. 1970ల్లో జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడారు. హరిపాల్‌కి 2017లో, అంటే ఈ ఆల్బమ్ వచ్చిన ఏడాదే, పద్మశ్రీ ఇచ్చారు. సంబల్‌పురం ఎక్కడ, మా గజపతి ఎక్కడ! మధ్యలో రాష్ట్రం సగం ఉంది. పాతపట్నంలో ఒడియా ముక్క రానివాళ్లు కూడా ఆ పాటకి లేస్తారు. ఎందుకని నేను చాలా ఆలోచించాను. ఎత్తుగడలోనే పేరు పిలిచేస్తారు. ఆ పిలుపు ఏ గొంతుకైనా అందే ఎత్తులో ఉంటుంది. మగగొంతు పిలిస్తే ఆడగొంతు బదులిస్తుంది, అందువల్ల పందిట్లో ఆడా మగా ఇద్దరికీ చెరో భాగం దొరుకుతుంది. డోలు ఎక్కడా తప్పుకోదు. మన సినిమా పాటలదీ అదే సూత్రం, పల్లవి ముందు చెప్పేసి తర్వాత చరణానికి వెళ్తాం. ఇంగ్లీషువాళ్ల పాప్‌లో చరణం ముందు, పల్లవి తర్వాత. అందుకని వాళ్లకి ఆ మొదటి చరణం మీద చాలా శ్రద్ధ ఉండాలి, లేకపోతే పల్లవి వచ్చేదాకా మనిషి ఆగడు. విల్సన్ ఆ శ్రద్ధ ‘పర్మనేటింగ్’లో చూపించాడు. మిగతా చోట్ల, పెళ్లికి పిలిచి గుమ్మం దగ్గర ఆధార్ కార్డు అడిగినట్టుంటుంది.

ఉదాహరణకి పేరు పాట, ‘టు ద బోన్’. ఒక అమెరికన్ స్త్రీ సత్యం గురించి మాట్లాడే మాటలతో మొదలవుతుంది. ఎవరి సత్యం వారిదైపోయిన కాలం కదా, ఆల్బమ్‌లో చాలా పాటలకి ఆ ఊసే ఆధారం. సాహిత్యం ఎక్స్‌టీసీ జట్టు ఆండీ పార్‌ట్రిడ్జ్ రాశాడు, బాగుంది. తాళం కూడా ఒంట్లోకి దిగేదే. కానీ ఆరు నిమిషాల పైన. నాలుగు నిమిషాల దగ్గర ఆపి ఉంటే మళ్లీ మొదటికి వెళ్లి వినేవాణ్ణి. ‘నోవేర్ నౌ’ తేలిగ్గా, వెలుతురుగా ఉంది, పెద్దగా చెప్పడానికేమీ లేదు. దాని వీడియో చిలీలో అటకామా ఎడారి టెలిస్కోపుల దగ్గర తీశారు. అది బలే ఉంది. ‘పీపుల్ హూ ఈట్ డార్క్‌నెస్’ నాకు నచ్చలేదు. కోపం ఉంది, ట్యూను లేదు.

ఇప్పుడు ‘పరయా’ గురించి చెప్పాలి. ఆల్బమ్‌లో అన్నిటికన్నా గొప్ప పాట ఇదే. ‘పర్మనేటింగ్’ కన్నా కూడా. ఇక్కడ విల్సన్ తన గొంతు హద్దు తెలుసుకుని పని చేశాడు. చరణాలు తను పాడతాడు. అలిసిపోయాను, విసిగిపోయాను, ఇక నావల్ల కాదు అనే ధోరణిలో, దాదాపు మాట్లాడినట్టు. బదులు చెప్పడానికి ఇజ్రాయెల్ గాయని నినెట్ తయెబ్ వస్తుంది. ఆమె గొంతులో బరువుంది, కొంచెం గరుకు కూడా. నువ్వింకా లేచి నిలబడగలవు అన్నట్టు పట్టుకుని నిలబెడుతుంది. కింద మెల్లగా మోగే ఎలక్ట్రానిక్ తాళం తప్ప చాలాసేపటిదాకా ఇంకేమీ లేదు. ఆ తర్వాత గిటార్లన్నీ ఒక్కసారి గోడలా లేస్తాయి, ఆమె గొంతు ఆ గోడ మీద నిలబడి అరుస్తుంది. అంత చప్పుడులోనూ ట్యూను చెరగదు.

సౌండ్ పనిచేసేవాడిగా ఒక జాగ్రత్త చెప్తాను. మొదట్లో వినబడట్లేదని వాల్యూమ్ పెంచకండి. మా కుర్రాళ్లు ఈ పాట టెస్టింగ్‌కి పెట్టి, మొదట్లో బాగా పెంచేసి, గిటార్లు వచ్చేసరికి పరిగెత్తుకెళ్లి ఫేడర్ దించారు. చిన్నది చిన్నగా, పెద్దది పెద్దగా ఉంచి మిక్స్ చెయ్యడం ఈ రోజుల్లో అరుదు. విల్సన్ ఆ పనిలో పండితుడు. కింగ్ క్రిమ్సన్, యెస్, జెత్రో టల్ లాంటి పాత జట్ల ఆల్బముల్ని మళ్లీ మిక్స్ చెయ్యడానికి పిలిచేది ఆయన్నే. ఫోన్ స్పీకర్లో వింటే ఈ ఆల్బమ్‌లో సగం పోతుంది. బ్లూటూత్ డబ్బా కన్నా వంద రూపాయల ఇయర్‌ఫోన్లు మేలు.

పల్లవి మీద నమ్మకం పెట్టుకున్న చోటల్లా గెలిచాడు, అనుమానపడిన చోటల్లా పొడిగించాడు. ఇదే నేను చెప్పదలుచుకున్నది. ‘రెఫ్యూజ్’ చూడండి. ఫ్రాన్స్‌లో కలే దగ్గర శరణార్థుల శిబిరం గురించి కట్టిన పాట. మొదటి రెండు నిమిషాలు గుండె పట్టేస్తుంది. ఇల్లొదిలి వచ్చినవాడి మాటలు, వెనక పలచటి కీబోర్డు. మా గంజాం కుర్రాళ్లు సూరత్ మగ్గాల్లో పనికి రైళ్ల నిండా పోతారు. వాళ్లు శరణార్థులు కారు, పండక్కి తిరిగొస్తారు. అయినా బరంపురం స్టేషన్లో వాళ్లు సంచుల మీద తల పెట్టుకుని పడుకునే తీరు నాకు ఈ పాటలో కనబడుతుంది. తర్వాత మార్క్ ఫెల్తమ్ మౌత్ ఆర్గాన్ వస్తుంది. టాక్ టాక్ రికార్డుల్లో వాయించినాయనే. కడుపులోంచి వాయించాడు. అక్కడితో ఆగాల్సింది. అప్పుడు గిటార్ సోలో వస్తుంది. బాగానే వాయించారు, తప్పులేదు. కానీ పాటలో మనిషి ఎవరో మర్చిపోయి మనం వేళ్లని మెచ్చుకోవడం మొదలెడతాం. మా ఆర్కెస్ట్రాల్లోనూ ఈ జబ్బుంది. లీడ్ గిటార్ కుర్రాడికి సోలో ఇవ్వకపోతే మర్నాడు రాడు.

‘డిటోనేషన్’ తొమ్మిది నిమిషాలు. 2016లో అమెరికాలోని ఓర్లాండోలో ఒక నైట్‌క్లబ్‌లో జరిగిన కాల్పుల నీడలో రాసిన పాట. మతాన్ని సాకుగా పెట్టుకుని తుపాకీ పట్టినవాడి మనసులోంచి మాట్లాడుతుంది. పాత అభిమానుల కోసం పెట్టిన పాట ఇది, వాళ్లు పండగ చేసుకున్నారు. నేనూ పాత అభిమానినే కాబట్టి సగంలో వచ్చే ఆ తాళానికి తల ఊపకుండా ఉండలేను. చివర్లో డేవిడ్ కొల్లార్ గిటార్ వింత వింతగా మూలుగుతుంది. కానీ ఇది ‘పర్మనేటింగ్’ ఉన్న పందిట్లో ఎందుకుందో నాకు అర్థం కాదు. ‘సాంగ్ ఆఫ్ ఐ’ మాత్రం రెండు లోకాలకీ సరిపోయింది. స్విట్జర్లాండ్ గాయని సోఫీ హంగర్, వట్టి తాళం, ఆ తర్వాత వయొలిన్ల గుంపు. పాట మొత్తం ఒకే కోరిక మీద నడుస్తుంది. దానిలో ఏ భాగమూ ఇంకో భాగానికి క్షమాపణ చెప్పుకోదు.

తేలిగ్గా ఉన్నదాన్ని తక్కువగా చూడటం మా ఊరికి కొత్త కాదు, దాంతో తగువు పెట్టుకోవడమూ కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడే, పర్లాకిమిడి రాజావారి బళ్లో పాఠాలు చెప్పారు. సవరల దగ్గర సవర భాష నేర్చుకున్నారు, తెలుగు జనం మాట్లాడినట్టే రాయాలని పండితులతో జీవితమంతా పోట్లాడారు. గ్రాంథికం రాక వ్యావహారికం అంటున్నాడని ఆయన్ని ఎవరూ అనలేకపోయారు. ‘బాలకవి శరణ్యం’లో గ్రాంథికం రాస్తున్నామనుకునే పండితుల తప్పుల్ని వాళ్ల వ్యాకరణంతోనే ఏరి చూపించారు. కష్టమైనది చేతనయినవాడు తేలికైనదాని వైపు నిలబడితే దానికొచ్చే బలం వేరు. విల్సన్ దగ్గర ఆ అధికారం పూర్తిగా ఉంది. పదిహేడు నిమిషాల పాటలు కట్టినవాడు మూడున్నర నిమిషాలు చాలు అంటే వినాలి. ఆ మాట అన్నాక, పండితులకి నచ్చచెప్పడానికి మళ్లీ రెండు గ్రాంథికం పద్యాలు చదివాడు. పంతులుగారైతే చదివేవారు కాదు.

చివరి పాట ‘సాంగ్ ఆఫ్ అన్‌బార్న్’. ఇంకా పుట్టని బిడ్డతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది, వెనక బృందగానం. లోకం బాగోలేదు, అయినా రా అంటాడు. మా ఆవిడకి ఇది చాలా ఇష్టం. నాకు కొంచెం తియ్యదనం ఎక్కువనిపిస్తుంది. ఆ విషయంలో మా ఇంట్లో రాజీ లేదు. ‘ద సేమ్ అసైలమ్ యాజ్ బిఫోర్’లో చరణం దొంగగొంతుతో మెత్తగా పోయి పల్లవిలో గిటార్ కొరడాలా తగులుతుంది. ప్రోగ్, పాప్ రెండూ కొట్టుకోకుండా ఒకే గదిలో ఉన్న పాట.

తర్వాత ఆయన ఏం చేశాడన్నదీ చూడాలి. 2021 జనవరిలో ‘ద ఫ్యూచర్ బైట్స్’ తెచ్చాడు. గిటార్ తగ్గించి ఎలక్ట్రానిక్ వైపు పోయాడు. అందులో ‘పర్సనల్ షాపర్’ అనే పాటలో ఎల్టన్ జాన్ చేత కొనుక్కునే సామాన్ల జాబితా చదివించాడు. ఆ ధైర్యం నాకు నచ్చింది, ట్యూన్లు మాత్రం ఇంతగా నిలబడలేదు. పోర్కుపైన్ ట్రీని మళ్లీ కూడగట్టి 2022లో కొత్త ఆల్బమ్ తెచ్చాడు. 2025 మార్చిలో ‘ద ఓవర్‌వ్యూ’ అని రెండే రెండు పొడుగు పాటల ఆల్బమ్ వచ్చింది, అలిగినవాళ్లలో చాలామంది ఆనందంగా తిరిగొచ్చారు. నేనూ విన్నాను, బాగుంది. ‘పర్మనేటింగ్’ లాంటి పాట మాత్రం ఆయన మళ్లీ కట్టలేదు. అదే నాకు కొరత.

సీడీ కొనాలా అని అడిగితే, విల్సన్ కొత్తయినవాళ్లు కొనక్కర్లేదు, ఫోన్లో విని చూడండి. సౌండ్ మీద మోజున్నవాళ్లు, ఇంట్లో ఐదు స్పీకర్ల ఏర్పాటున్నవాళ్లు అయితే ఆ మిక్స్ కోసమైనా వెతకండి. ఆల్బమ్ వరసలో మాత్రం వినకండి. ముందు ‘పరయా’, తర్వాత ‘ద సేమ్ అసైలమ్ యాజ్ బిఫోర్’, ఆపైన ‘సాంగ్ ఆఫ్ ఐ’, ‘బ్లాంక్ టేప్స్’, ఆఖర్న ‘పర్మనేటింగ్’. ‘రెఫ్యూజ్’ విడిగా, రాత్రి బస్సులో. ‘డిటోనేషన్’ టైముంటే చూసుకోవచ్చు.